వకీల్ సాబ్‌కు నచ్చని నాటకం

మొన్న ఒక సంగీత నాటకానికి వెళ్లాను. తెర లేవగానే మైకు కీచుమని చెవుల్లో సూదులు గుచ్చింది. ఆ తరువాత ముందే రికార్డు చేసిపెట్టిన పాటలకు నటులు పెదవులు కదుపుతూ నిలబడ్డారు. కథానాయిక ఏడ్చే ఘట్టంలో ఆమె ముఖం చూసినవాళ్లు లేరు. వెనక గిరగిరా తిరుగుతున్న రంగుదీపాలనే అందరూ చూశారు. చివర జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో పెద్దమనిషి నా వైపు తిరిగి “అద్భుతం కదండీ!” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కరీముద్దీన్ సాబ్ ఉంటే ఆ మనిషిని అక్కడే బోనెక్కించేవాడు.

కరీముద్దీన్ సాబ్ నల్లగొండలో వకీలు. నైజాం రాజ్యం చివరి ఏళ్లలో నేను ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేశాను. కోర్టులో ఉర్దూలో వాదించేవాడు, ఇంట్లోనూ ఉర్దూయే, కాని తెలుగు నాటకమంటే ప్రాణం పెట్టేవాడు. ఊళ్లోకి ఏ నాటక సమాజం దిగినా ముందు వరుసలో ఆయన, ఆయన పక్కన తప్పించుకోలేక నేను. ప్రాణం పెట్టేవాడన్న మాటే గాని, ఒక్క నాటకాన్నీ సుఖంగా చూసింది లేదు. యుద్ధంలో చచ్చిపడిన రాజు జనం “వన్స్ మోర్” అనగానే లేచి పద్యం మళ్లీ ఎత్తుకుంటే, “వీన్ని ఇంకోపాలి సంపుండ్రి, జర గట్టిగ” అని పళ్లు కొరికేవాడు. అడవిలో ఆకలికి సొమ్మసిల్లే రాణి మెడనిండా నగలతో వస్తే, “గా గొలుసు అమ్మితే ఊరంత తింటది గదమ్మా” అని పైకే అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి నన్నే గుడ్లురిమి చూసేవాళ్లు.

మరునాడు ఆయన ఆఫీసుకు వెళ్లగానే పరీక్ష మొదలయ్యేది.

“చెప్పు నర్సింహా, నిన్నటి నాటకం ఎట్లున్నది?”

“బాగుంది సాబ్.”

“బాగుందంటే ఏందయ్యా? బెల్లం బాగుంటది, బువ్వ బాగుంటది. ఏడ బాగుంది? ఎందుకు బాగుంది? కోర్టుల గవాయి గిట్లనే చెప్తే ఊకుంటవా?”

సాక్షిని అడిగినట్టే అడిగేవాడు. కక్షిదారులు వసారాలో కూర్చుని ఎదురుచూస్తుంటే, రాణి ఎటు తిరిగి ఏడ్చిందో నేను వివరించాలి. ఒక్క నాటకానికైనా “బాగుంది” అని ఊరుకుంటే ఈయన సొమ్మేం పోతుందని లోలోపల విసుక్కునేవాణ్ని. కాని అడుగుతాడన్న భయంతో ప్రతి నాటకాన్నీ కళ్లార్పకుండా చూడటం అలవాటైంది.

ఆ రోజుల్లో మా గ్రంథాలయం యువకులమంతా కలిసి ఒక నాటకం వేశాం. దొరల ఇళ్లలో కూలి లేకుండా చేసే వెట్టిచాకిరి మీద. రాసింది నేనే, వెట్టి మనిషి వేషం కట్టిందీ నేనే. చప్పట్లు మారుమోగాయి. నా కాళ్లు నేలమీద లేవు. వకీల్ సాబ్ దగ్గరికి వెళ్లి, ఈసారి నేనే అడిగాను.

“నీ దొర పులి లెక్క గాండ్రిస్తడేందయ్యా?” అన్నాడాయన. “నేను శానమంది దొరలను చూసిన. వాండ్లు మెల్లగ మాట్లాడుతరు. ఒర్రే అవసరం వాండ్లకేమున్నది? ఇగ నీ ఎట్టి మనిషి పొద్దంత మూటలు మోసొచ్చి, నిలవడి ఉపన్యాసం ఇస్తడు. ముందుగాల్ల ఇన్ని నీళ్లు తాగడా?”

“ఇది సరదాకు ఆడింది కాదు సాబ్. జనం కోసం ఆడినం.”

“జనం కోసమైతే చెడగొట్టొచ్చా?”

ఆ రోజు నుంచి పనికి సంబంధించిన మాట తప్ప ఆయనతో మరో మాట మాట్లాడలేదు. ఇంతలో నాటకం మళ్లీ వేయాలని మావాళ్లు పట్టుబట్టారు. ఆ సంగతి ఒక దేశ్‌ముఖ్ దొర చెవిన పడింది. ఆయన దావాలన్నీ నడిపేది మా వకీల్ సాబే. దేశ్‌ముఖ్ ఫిర్యాదు చేయడం, ఆట ఆపమని పోలీసు అమీన్ హుకుం పంపడం వెంటవెంటనే జరిగాయి. ఏ మొహం పెట్టుకుని సాబ్‌ను సాయమడగను? అడగలేదు. కోర్టులో ఎవరో చెబితే విని, ఆయనే షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ వచ్చి “నడువు” అన్నాడు.

జిల్లా అధికారి తాలూఖ్‌దార్ ముందు నిలబడ్డాం. ఆయన నవ్వుతూ, “ఆ నాటకం బాగాలేదని మీరే అన్నారట కదా, వకీల్ సాబ్?” అని అడిగాడు. సాబ్ జవాబు ఉర్దూలోనే చెప్పాడు గాని, ఇన్నేళ్లుగా అది నాకు ఆయన తెలుగులోనే వినిపిస్తోంది.

“బాగలేదు హుజూర్. శాన అధ్వాన్నం. చెడ్డ నాటకానికి శిక్ష ఉన్నది; చూసేటోడు లేచి ఇంటికి పోతడు. గా శిక్ష జనం ఎయ్యాలె. అమీన్ ఎట్లేస్తడు?”

ఒక పోలీసు జవాను దగ్గరుండి చూడాలనే షరతు పెట్టి అధికారి ఆటకు ఇజాజత్ ఇచ్చాడు. ఆ వారంలోనే దేశ్‌ముఖ్ తన దావాలన్నీ వేరే వకీలుకు అప్పగించాడు. ఆయన్ను చూసి మరికొందరు కక్షిదారులు వెళ్లిపోయారు. మా వసారా బోసిపోయింది.

రెండోసారి ఆడినప్పుడు ఉపన్యాసం తీసేశాను. మూట దించి, నీళ్ల ముంత రెండు చేతులతో పట్టుకుని తాగాను. వెనక నేలమీద కూర్చున్న ఒక ముసలాయన, నాటకమని మరిచాడో ఏమో, “జర కూసో బిడ్డా” అన్నాడు.

ఆట అయ్యాక సాబ్ వెంట నడుస్తూ, ఈసారైనా మెచ్చుకుంటాడని ఆశపడ్డాను.

“గా తెర మధ్యల ఇరుక్కుంటదేందయ్యా? తాడు సూసుకోరా?” అన్నాడు. మలుపు దాకా తాడునే తిట్టాడు. అక్కడ ఆగి, “నీళ్లు తాగినకాడ...” అని ఏదో అనబోయి, నా భుజం మీద చెయ్యివేసి, “సరే, పో” అన్నాడు.

రాజ్యం మారిన కల్లోలంలో ఆయన కుటుంబం పట్నం వెళ్లిపోయింది. కొన్నేళ్లకు ఆయన పోయాడని తెలిసింది.

ఇప్పుడు నాటకాల మీద నా అభిప్రాయాలు పత్రికల్లో రాస్తుంటాను. నటులు అలుగుతారు. దర్శకులు ఎదురుపడితే తల తిప్పుకుని పోతారు. ఎవరేమనుకున్నా ఉత్త “బాగుంది” నా కలం నుంచి రాదు. కాని నేను చీల్చి చెండాడిన నాటకాన్నే ఎవరైనా ఆపించాలని చూస్తే మాత్రం, మరునాటి ఆటకు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి, పళ్లు కొరుక్కుంటూ చివరిదాకా కూర్చుంటాను.