బోల్టమ్మ తల్లికి ఒకటి తక్కువ

అనంతగిరి ఘాటులో జీపులు బాగుచేసే గాసికి దైవభక్తి బొత్తిగా లేదు. అయినా ఆ కొండమీద ఒక దేవతను ప్రతిష్ఠించిన ఘనత ఆయనదే.

కుర్రతనంలో సాలూరు దిగి, తొమ్మిదేళ్లు లారీల కింద పడుకుని పని నేర్చాడు. తిరిగొచ్చి ఘాటురోడ్డు మలుపులో రేకుల షెడ్డు వేసుకున్నాడు. చిక్కల్లా డ్రైవర్లతోనే వచ్చింది. ఇంజన్ విప్పితే కనెక్టింగ్ రాడ్డు బోల్టులు కొత్తవి వెయ్యాలి. పాతవి అప్పటికే సాగి ఉంటాయి. మళ్లీ బిగిస్తే బిగిసినట్టే కనిపించి, ఏ మలుపులోనో తెగుతాయి. అప్పుడు రాడ్డు ఇంజన్ గోడ బద్దలుకొట్టుకుని బయటకొస్తుంది. ఈ శాస్త్రాన్ని గాసి నాలుగేళ్లు బోధించాడు. డ్రైవర్లు నాలుగేళ్లూ శ్రద్ధగా విని, పాత బోల్టులే తుడిచి చేతిలో పెట్టేవారు.

“ఇనుం సాగడమేటి మావా, అదేటి జీడిపాకమా?”

ఐదో ఏట గాసి శాస్త్రానికి స్వస్తి చెప్పాడు. షెడ్డు పక్కనున్న నల్లరాయికి పసుపు రాసి, ఇనప తీగ చుట్టి, విప్పిన బోల్టులన్నీ ఇక్కడి తల్లికి కట్టాలనీ, కట్టింది వెనక్కి తియ్యరాదనీ ప్రకటించాడు. తల్లి కల్లోకొచ్చిందా అని ఎవరో అడిగితే కాదనలేదు. ఆ తరవాత ఒక్కడంటే ఒక్కడూ పాత బోల్టు చేతికివ్వలేదు. బోల్టమ్మ తల్లి అని పేరూ వాళ్లే పెట్టారు, కోళ్లూ కోశారు. గాసి ఇరవయ్యేళ్లుగా ఆ పులుసు గంభీరంగా తింటూ వచ్చాడు.

పోయిన జనవరిలో గాసి, కామేష్ అనే డ్రైవరు తెచ్చిన జీపు ఇంజన్ విప్పాడు. పాత బోల్టులు ఎనిమిదింటినీ కామేషే భక్తిగా తీగకి కట్టాడు. కింది ఊరి కొట్టునుంచి వచ్చిన కొత్తవాటిలో ఏడు సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదోది అదే లావు, అదే తల, మర మాత్రం వేరు. రెండు చుట్లు ఎక్కి మొరాయించింది.

అది తేలేసరికి పొద్దున ఎనిమిదైంది. కామేష్ భార్య రమణికి అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. షెడ్డులో బల్లమీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆంబులెన్సు వేరే గూడేనికి వెళ్లిందట.

“బేగి కానీ మావా. ఇంకెంతసేపు?” అన్నాడు కామేష్.

సరైన బోల్టు లేదు, ఇంకో బండి చూసుకో అని చెప్పాలి. గాసి చెప్పలేదు.

“అమ్మికి వేన్నీళ్లు కాసియ్యి. అరగంట” అన్నాడు.

మంచులోకి నడిచి రాయి దగ్గరికి వెళ్లాడు. చట్టం రాసినవాడికి చట్టం వర్తించదనే నమ్మకం పెద్ద పెద్ద ఆఫీసుల్లోనే కాదు, రేకుల షెడ్లలోనూ ఉంటుంది. తీగ సడలించి కామేష్ కట్టిన ఎనిమిదింటిలో ఒకటి తీశాడు. మిగతా ఏడూ మంచుకి తడిసి చల్లగా ఉన్నాయి. ఇదొక్కటీ పొడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది, ఇప్పుడే ఎవరో గుప్పిట్లోంచి వదిలినట్టు.

బిగింపు సరిపోగానే టక్కుమనే రెంచి అది. కొత్త బోల్టులు ఏడూ దానికి టక్కున ఆగాయి. ఇది ఆగలేదు. పండిన పనసకాయలో దిగినట్టు మెత్తగా ఇంకో పావుచుట్టు తిరిగి, అప్పుడు టక్కుమంది. ఆ పావుచుట్టుకి అర్థమేమిటో ఆ కొండమీద తెలిసినవాడు ఆయనొక్కడే. ఇంజన్ అడుగునున్న ఆయిల్ చాంబరు మూసి ఆయిల్ పోశాడు.

తాళం ఒక్కసారి తిప్పగానే జీపు స్టార్టయింది. రమణిని వెనక సీటులో ఎక్కించుకుని కామేష్ మంచులోకి దిగిపోయాడు. ఇంజన్ చప్పుడు సన్నబడి, వినబడకుండా పోయింది. అప్పుడు రాయి దగ్గర మొదలైంది.

టక్. టక్. టక్.

గాలి లేదు. చెట్టుమీద ఆకు కదలడం లేదు. కామేష్ కట్టినవాటిలో మిగిలిన ఏడు బోల్టులూ ఒకేసారి రాయిని తాకుతున్నాయి. కాసేపటికి వేగం పెరిగింది, మళ్లీ తగ్గింది. గాసి లెక్కకట్టాడు: ఇప్పుడు కామేష్ రెండో మలుపులో గేరు మార్చి ఉంటాడు. బోల్టులు కూడా మార్చాయి.

గూడెంవాళ్లు దిగే అడ్డదారి రోడ్డు మలుపుల్ని కోసుకుంటూ పోతుంది. యాభై రెండేళ్ల గాసి ఆ దారిన పరుగెత్తాడు. చప్పుడు వెనక ఉండిపోవాలి, కానీ వెంటే వచ్చింది. నాలుగో మలుపు కింద రోడ్డుమధ్య చేతులు చాపి నిలబడ్డాడు. జీపు ఆయన మోకాళ్ల దగ్గర ఆగింది.

“ఏటి మావా, సచ్చిపోదామనా?”

“ఇంజనాపు.”

“ఏటయింది? నూనెలాగ ఎల్తంది బండి!”

“ఆపరా!”

వెనకనుంచి రమణి అందుకుంది. “మొదటి మలుపుకాడ్నించీ సెప్తన్నాను, ఎనకాతల ఎవులో సుత్తితో కొడతన్నారని. ఇంటేనా ఈడు?”

“ఇంజను ముందుంటే ఎనకాతల సప్పుడేటే? నొప్పులికి సెవులు గింగురుమంటన్నాయి.”

“నొప్పులు నా కడుపులోని, సెవుల్లోని కాదు!”

కామేష్ తాళం తిప్పాడు. ఇంజన్ ఆగింది. పైన, మంచులో ఎక్కడో, ఇంకో నాలుగు దెబ్బలు పడి అవీ ఆగాయి. ఈసారి కామేష్ కూడా తలెత్తి చూశాడు. “ఇంకీ బండెక్కొద్దు” అన్నాడు గాసి.

కాఫీ బస్తాల వ్యాను ఒకటి దిగుతూ వస్తే, మొగుడూ పెళ్లాలిద్దరూ అందులో ఆసుపత్రికి వెళ్లిపోయారు. గాసి జీపులో ఉన్న పానాలు తీసుకుని, తడిరోడ్డుమీద గోనె పరుచుకుని జీపు కింద దూరి చాంబరు దించాడు. ఆ బోల్టు రెంచి అవసరం లేకుండా వేళ్లకే ఊడొచ్చింది. నడుం దగ్గర సగానికి సగం సన్నబడి ఉంది. ఆ తరవాతి మలుపుకి పక్కగోడ లేదు.

మధ్యాహ్నం మూడింటికి కామేష్ అదే వ్యానులో తిరిగొచ్చి, నవ్వుకుంటూ దిగాడు.

“ఆడగుంట పుట్టినాది మావా! తల్లీపిల్లా బాగున్నారు.” అంటూనే గోనెమీదున్న బోల్టు చూశాడు. “ఏటిది?”

కొట్టువాడు తప్పు సరుకు పంపాడనవచ్చు. అందులో సగం నిజమే. కామేష్ నమ్మేవాడు కూడా.

“తల్లికి కట్టినదాంట్లోంచి తీసి నీ బండికేసినాన్రా” అన్నాడు గాసి.

“తెగుద్దని తెలీదా నీకు?”

“తెలుసు.”

“రమణి ఎక్కుద్దని?”

“తెలుసు.”

కామేష్ బోల్టుని ముట్టుకోలేదు. వ్యానెక్కి తలుపు వేసుకున్నాడు. వ్యాను పైకే వెళ్తోంది. ముందు సీటులో ఇంకొకరికి చోటుంది. గాసిని ఎవరూ రమ్మనలేదు.