పై వాటాకి వచ్చిన అమ్మాయి

పై వాటా ఖాళీ అయి చాన్నాళ్లయింది. అద్దెకి మనిషిని చూడమని చెప్పిన బ్రోకరు ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఒకమ్మాయి ఉందండి. మలావి అనే దేశం నుంచి ఫార్మసీ చదవడానికొచ్చింది. మనిషి నెమ్మదస్తురాలే. కాకపోతే నల్లవాళ్లండి. గుంటూరంతా తిప్పాను, ఎవరూ ఇల్లివ్వట్లేదు. మీకు పర్వాలేదా?"

"అదేం మాటండి, పంపించండి" అన్నాను. బళ్లో సోషల్ చెబుతాను నేను. మనుషులందరూ ఒకటేనని ఏటా పిల్లలకి చెప్పేదాన్ని. ఆ పూటంతా నా మీద నాకే గొప్పగా అనిపించింది.

మర్నాడు ఆ అమ్మాయి పెద్ద బ్యాగు లాక్కుంటూ వచ్చింది. పొడుగ్గా ఉంది, జుట్టు సన్నసన్న జడలుగా అల్లుకుంది. తాళంచెవి కోసం చెయ్యి చాపింది. నేను దాన్ని పిట్టగోడ మీద పెట్టాను. చాపిన చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత గోడ మీదికి వెళ్లింది.

అలా పెట్టానని నాకు తెలియనే తెలియదు. కొన్నాళ్లకి ఆ అమ్మాయికి పార్సెల్ వస్తే తీసుకుని మెట్టు మీద ఉంచాను. అప్పుడు అడిగింది, ఇంగ్లీషులో, కోపమేమీ లేకుండా.

"ఆంటీ, నా చేతులకి ఏమైనా అంటుకుందా?"

"లేదే. ఏం?"

"మీరు ఏదీ నా చేతికివ్వరు. అందుకని."

ఏదో సర్దిచెప్పి లోపలికొచ్చేశాను. వంటింట్లో నిలబడితే పర్చూరు దగ్గర మా ఊరు, మా చేను కళ్లముందుకొచ్చాయి. మిరపకాయల కోతకి ఊరవతల పల్లె నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. మధ్యాహ్నం మజ్జిగ పొయ్యడం నా పని. వాళ్లు వంగి దోసిలి పడితే నేను చెంబు పైకెత్తి పొయ్యాలి. "తగలనీకు, ఇంకా పైకెత్తు" అని నాయనమ్మ గట్టు మీద నుంచి అరిచేది. పచ్చళ్లు, తమలపాకులు, ఏదైనా సరే కింద పెట్టాలి, వాళ్లు తీసుకోవాలి. నేను కాసేపు ఎండలో ఆడితే చాలు, "నల్లబడి ఆ కూలోళ్ల పిల్లలా తయారవుతావు" అని సున్నిపిండి పెట్టి చర్మం మండేదాకా రుద్దేది. నలుపంటే ఏమిటో, ఎవరిని ఎంత దూరంలో ఉంచాలో అన్నీ ఒక్కచోటే, ఒక్క నోటి నుంచే నేర్చుకున్నాను. తర్వాత చదివిన చదువంతా తలకెక్కింది గానీ చేతి దాకా రాలేదు.

తెలిశాక మారడం తేలికనుకున్నాను. కాలేదు. చేతికిద్దామని గట్టిగా అనుకుంటే ఒళ్లంతా బిగుసుకుపోయేది. అది కప్పిపుచ్చుకోవడానికి అతి చేశాను. రోజూ కూర పంపేదాన్ని, కనిపించినప్పుడల్లా నవ్వేదాన్ని. గేటు తీసి వదిలేసినా ఏమీ అనేదాన్ని కాదు. ఒకరోజు కూర గిన్నె తిరిగిస్తూ ఆ అమ్మాయి అంది.

"ఆంటీ, నాకంటే ముందున్నవాళ్లని కూడా ఇలాగే చూశారా?"

"వాళ్లనా? రోజూ తిట్టేదాన్ని."

"నన్నూ తిట్టండి మరి. గేటు తీసి వదిలేస్తే తిట్టండి. నేను చుట్టాన్ని కాదు, అద్దెకున్నదాన్ని."

నాకు చిరాకేసింది. ఆ అమ్మాయి మీద కాదు. ఎంత పాకులాడినా తప్పే అవుతోందని.

ఎండాకాలం మొదట్లో పక్కింటావిడ కారం పట్టించడానికి మిరపకాయలు డాబా మీద ఎండబోసింది. మా డాబా, వాళ్ల డాబా కలిసే ఉంటాయి. ఒక సాయంత్రం మా ట్యాంకు నిండి పొర్లి, నీళ్లన్నీ ఆ కాయల మీదికి పోయాయి. నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ పైన నిలబడి కేకలేస్తోంది.

"ఆ నల్లదాన్ని తెచ్చి నెత్తిన పెట్టుకున్నావు. మోటారు వేసి వదిలేసింది. చూడు నా కాయలు."

ఆ అమ్మాయి అప్పటికే వంగి తడిసిన కాయల్ని పొడిచోటికి జరుపుతోంది. "ముట్టుకోకు" అని గట్టిగా అరిచింది ఆవిడ. ఆ అమ్మాయి చేతులు ఆగిపోయాయి.

మోటారు స్విచ్చు కింద మా వాటాలోనే ఉంది, వేసింది నా దగ్గరే ఉంటున్న మా అమ్మ. రోజూ సీరియల్ ముందు వేసి మర్చిపోతుంది. ఆ మాటే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "దాన్ని వెనకేసుకొచ్చి కన్నతల్లి మీద పెడతావా?" అంది. "మా అమ్మనే పిలుస్తాను, అడగండి" అన్నాను. అమ్మ పైకొచ్చి, కాయల వంక చూసి, ఆ అమ్మాయి వంక చూసి, "ఏమో, నాకు గుర్తులేదు" అంది.

నేనే కింద కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయిని కూడా రమ్మన్నాను. రాలేదు. "వద్దన్నారు కదా ఆంటీ" అని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత అమ్మని నిలదీశాను. "నీకు గుర్తుంది. ఎందుకలా అన్నావు?"

"పక్కింటావిడా మనమూ రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఆ పిల్ల ఇవాళుంటుంది, రేపు పోతుంది."

"అంతేనా?"

"అంతే" అని టీవీ సౌండు పెంచింది.

పక్కింటావిడ రెండు డాబాల మధ్య గోడ లేపింది. మాతో మాటలు మానేసింది. ఆ అమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. వెళ్తే ఎక్కడికి వెళ్తుంది, మళ్లీ ఊరంతా తిరగాలిగా. ఆ సంగతి తల్చుకుంటే నాకు ఇంకా కోపమొస్తుంది. మా మీద ఇష్టంతో ఉందని చెప్పుకునే అవకాశం కూడా లేదు.

ఇప్పుడు అన్నీ చేతికే ఇస్తున్నాను. ఇచ్చే ముందు ప్రతిసారీ ఒకసారి అనుకోవాల్సొస్తోంది. అనుకోకుండా ఇచ్చే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు. గేటు తీసి వదిలేస్తే తిడుతున్నాను. అది మాత్రం బాగా అలవాటైంది. ఆ అమ్మాయి కూడా ట్యాంకు కడిగించలేదని నన్ను తిడుతుంది.

మొన్న ఆదివారం పైనుంచి ఎండు చేపల వాసనొచ్చింది. వాళ్ల దేశంలోనూ చిన్న చేపలు ఎండబెట్టి వండుకుంటారట. మా అమ్మకి ఎండు మెత్తళ్లంటే ప్రాణం. మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ అమ్మాయి పైమెట్టు మీదే ఉంది. ఇన్నాళ్లలో తెలుగు బాగానే పట్టుకుంది.

అమ్మ నా వైపు తిరిగి, "ఎక్కడ కొందో ఆ పిల్లని అడుగు" అంది.

"చేపల మార్కెట్లో, అమ్మమ్మగారూ" అంది ఆ అమ్మాయి పైనుంచి.

అమ్మ నన్నే చూస్తూ, "ఏ కొట్లోనో అడుగు" అంది.