తాళాల బావ, తలుపు తీసే అల్లుడు

హస్కీ కుక్కని తెచ్చుకుందామని ముచ్చటపడేవాళ్ళు ముందు నా దగ్గరికి రండి. డాక్టర్లూ పుస్తకాలూ తరవాత. నేను తొమ్మిదో తరగతి మూడేళ్ళు చదివినవాణ్ణి. ఒక్క తరగతిని అంత లోతుగా చదివినవాడు మా చుట్టుపక్కల ఇంకొకడు లేడు. నాలుగో ఏడూ చదివేవాణ్ణే గానీ, నాకు చెప్పడానికి మేష్టర్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదని జాలిపడి మానేశాను. ఇంత చదివిన నాక్కూడా హస్కీ సంగతి మా బావ పడ్డ పాట్లు చూశాకే తెలిసింది.

బావ అంటే మా అక్క భర్త. తాళాలు బాగుచేస్తాడు. జెరాక్సు షాపుకీ కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత కొట్టు. గోడనిండా ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు, బల్లమీద ఆకురాళ్ళు, ఒక నూనె డబ్బా. ముప్పై ఏళ్ళు ఆ స్టూలు మీదే కూర్చుని ఊళ్ళో ఉన్న తాళాలన్నిటికీ నూనె వేశాడు, తన మోకాళ్ళకి తప్ప. కొట్టు నుంచి ఇంటికి ఆటో, ఇంటి నుంచి కొట్టుకి ఆటో. ఆయన సైకిలు మెట్లకింద పడి ఎన్నాళ్ళయిందంటే, దాని బెల్లులో సాలీడు మనవల్నెత్తింది.

ఆయనకో పద్ధతి ఉంది. ఏ తాళం బిగించినా, ఏ గడియ పెట్టినా, ఏడుసార్లు తీసి, ఏడుసార్లు వేసి చూపిస్తే గాని చేతికివ్వడు. ఐదోసారికే విసుగొచ్చి "చాలయ్యా, అర్థమైంది" అంటారు జనం. బావ వినడు. "వెయ్యడం ఎవరికైనా వస్తుంది. తియ్యడం మీ చేతికి అలవాటవ్వాలి" అంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

ఒకరోజు ఒక ఇంట్లో బిగుసుకుపోయిన బీరువా తాళం తియ్యడానికి వెళ్ళాడు. ఆ ఇంటాయనకి బదిలీ అయింది, సామాన్లు సర్దుతున్నారు. బాల్కనీలో గొలుసుకి ఒక కుక్క. నీలం కళ్ళు, తోడేలు మొహం, ఒంటిమీద నలుగురికి సరిపడే బొచ్చు. గొలుసు విప్పితే లోపలికొచ్చి, బావ పని చేస్తున్నంతసేపూ అది ఆయన మోకాలి మీద తల పెట్టి బీరువా వైపే చూస్తూ కూర్చుందట. ఆ ఇంటాయన "మాకు కుదరదు, ఎవరికైనా ఇచ్చెయ్యాలి" అన్నాడు. బావ కూలీ తీసుకోకుండా కుక్కని తీసుకుని ఆటో ఎక్కాడు.

అక్కకీ బావకీ పిల్లల్లేరు. గుమ్మంలో దాన్ని చూడగానే అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని, "కూతుర్ని కనకపోయినా అల్లుడు దిగాడన్నమాట" అంది. ఆ పేరే ఖాయమైంది. నిజంగానే వాడివన్నీ కొత్తల్లుడి లక్షణాలు. వేడి పనికిరాదు. పెట్టింది సగం తిని మొహం తిప్పుకుంటాడు. కూలరు ఆపితే మెడెత్తి, నాలుగు ఇళ్ళకి వినబడేలా తన కష్టం చెప్పుకుంటాడు. మొరగడు, ఏడుపు రాగం తీస్తాడు. ఆ రాగానికి పక్కవీధిలో ఒక పెళ్ళిచూపులు చెడిపోయాయి. అది నేను కళ్ళారా చూశాను. కనీసం చూసినవాణ్ణి చూశాను.

ఇక బొచ్చు. ఏడాదికి రెండుసార్లు ఊడుతుందన్నారు. ఒక్కొక్కసారీ ఆరునెలలు ఊడుతుందని ఎవరూ చెప్పలేదు. కంచంలో బొచ్చు, దువ్వెనలో బొచ్చు, బావ కొట్టులో తాళాల లోపల బొచ్చు. ఎండలు ముదిరాక, "పాపం ఉడికిపోతున్నాడు, నున్నగా గొరిగించెయ్యండి" అని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు నేనే సలహా ఇచ్చాను. పశువుల డాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ రెండు పొరల బొచ్చే దానికి చలి నుంచీ ఎండ నుంచీ అడ్డం. గొరిగితే ఒళ్ళు కాలుతుంది. రోజూ దువ్వండి, నీడలో ఉంచండి, నీళ్ళు పెట్టండి. అన్నిటికంటే ముందు పొద్దున్నే ఎండెక్కకుండా ఒక గంట పరిగెత్తించండి. ఇది బండి లాగే జాతి."

బావ పొట్ట నిమురుకున్నాడు. "పరుగు మనవల్ల కాదు డాక్టరుగారూ. గేటు గట్టిగా ఉంటే చాలు. అది నాకు వదిలెయ్యండి."

కాపలాకైనా పనికొస్తాడా అంటే అదీ లేదు. గ్యాసుబండ తెచ్చినవాడికి ఎదురెళ్ళి చెప్పు తెచ్చిచ్చాడు. దొంగొస్తే లాంతరు పట్టుకుని దారి చూపించే రకం.

ఆ వారంలోనే అల్లుడు గేటు గడియని ముక్కుతో ఎత్తేసి వెళ్ళిపోయాడు. దొరికాడు. బావ స్ప్రింగు గడియ పెట్టి, ఏడుసార్లు తీసి, ఏడుసార్లు వేశాడు. నాలుగోరోజు మళ్ళీ వెళ్ళిపోయాడు. ఈసారి వెళుతూ వెళుతూ పై వాటాలో ఉండే ఓనరమ్మగారి పిల్లిని తరిమాడు. అది డ్రైనేజీ గొట్టం పట్టుకుని డాబా ఎక్కి రెండు పూటలు దిగలేదు. పిల్లిని చూస్తే హస్కీకి తల్లీ తండ్రీ గుర్తుండరు, ఇదీ రాసిపెట్టుకోండి.

ఓనరమ్మగారు మెట్ల మీద నిలబడి చెప్పారు. "చూడు తాళాలాయనా, ఇంకొక్కసారి ఆ కుక్క గేటు దాటిందంటే అది ఇక్కడ ఉండకూడదు."

"దాటదమ్మా. ఈసారి నా సొంత గడియ పెడతాను."

బజారులో అప్పటికే మాట పాకింది. కళ్ళజోళ్ళాయన "సొంత గేటే నిలవట్లేదట, మన షట్టరు ఏం నిలుస్తుంది" అని నవ్వాడు. బావకి అన్నం సయించలేదు. రెండ్రోజులు కొట్టు మూసి, కిందకి నొక్కిపెట్టి పక్కకి లాగితేనే జరిగే గడియ ఒకటి తయారుచేశాడు. దాన్ని బిగించిన సాయంత్రం మేమంతా ఉన్నాం. ఒకటి, రెండు, మూడు. బావ తీస్తున్నాడు, వేస్తున్నాడు. అల్లుడు ఆయన పక్కనే బుద్ధిగా కూర్చుని, తల ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంచుతూ చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున నేను కాఫీ తాగడానికి వెళ్ళేసరికి అల్లుడు గేటు మీద కాళ్ళు పెట్టి నిలబడున్నాడు. ఒక కాలితో కిందకి నొక్కాడు, పళ్ళతో పక్కకి లాగాడు. నావైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు.

అక్క గుమ్మంలో నిలబడిపోయింది. "ఏవండీ, నిన్న ఏడుసార్లు ఎవరికి చూపించారు?"

బావ వంగి గడియని తడిమి చూశాడు.

"దొంగచేతికి తాళాలివ్వడం విన్నాను గానీ, దొంగకి పాఠం చెప్పి మరీ ఇవ్వడం ఇప్పుడే చూస్తున్నా."

బాల్కనీలోంచి ఓనరమ్మగారు కూడా చూశారు. గొంతు పెంచలేదు. "ఆదివారంలోగా పంపించెయ్యండి" అన్నారంతే. అది బుధవారం. నాకు తెలిసిన కోళ్ళఫారం ఆయనకి కుక్క కావాలి. నేనే ఫోను చేశాను. ఆదివారం వ్యాను తెస్తాను, స్తంభానికి కట్టేస్తాను, ఎక్కడికీ పోదు అన్నాడు. మంచి సంబంధం కుదిర్చాననుకున్నాను. అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. అల్లుడి గిన్నె కడిగి సంచిలో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

మరి ఆ పూట అల్లుణ్ణి పట్టుకురావాలిగా. ఆ వేళకి ఆటోలు లేవు. బావ మెట్లకింద నుంచి సైకిలు లాగాడు, సాలీడు కుటుంబాన్ని ఖాళీ చేయించాడు, తొక్కుతూ వెళ్ళాడు. గంటన్నర దాటినా రాలేదు. వచ్చేసరికి చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. సైకిలు పక్కన గొలుసుతో అల్లుడు, నాలుక బెత్తెడు వేలాడేసుకుని.

"పిలిస్తే రాడురా" అన్నాడు బావ మెట్టు మీద కూలబడి. "నేను ఆగితే ఆగుతాడు, దిగితే పారిపోతాడు. సర్లే అని తొక్కాను. పక్కకొచ్చి పరిగెత్తాడు. అప్పుడు గొలుసు తగిలించాను. రైలు గేటు దాకా వెళ్ళి వచ్చాం."

"మరి మోకాళ్ళు?"

"ఉన్నాయని ఇవాళే తెలిసింది."

అల్లుడు నీళ్ళు తాగి, గేటు పక్క నీడలో పడుకున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. నేను వెళుతూ గేటు వెయ్యడం మర్చిపోయానని, మాట్లాడని అక్క కూడా తిట్టింది. నిజానికి అది పరీక్ష. ఎవరూ నమ్మలేదు. బావ మాత్రం ఆ తెరిచిన గేటునీ, నిద్రపోతున్న కుక్కనీ చాలాసేపు చూశాడు. "డాక్టరు ముందే చెప్పాడు" అని గొణిగాడు. "నేను గేటుకేసి చూశాను. దాని కాళ్ళకేసి చూడలేదు."

గురువారం, శుక్రవారం, శనివారం. చీకటి విడకముందే సైకిలు, రైలు గేటు. అక్క ఆయన మోకాళ్ళకి నూనె రాసింది, తాళాలకి వేసే డబ్బాలోది కాదు.

ఆదివారం పది గంటలకి వ్యాను వచ్చింది. ఓనరమ్మగారు దిగి వచ్చారు. బావ గడియ మొత్తం ఊడదీసి గేటు బార్లా తెరిచిపెట్టాడు. అల్లుడు గేటుకడ్డంగా పడుకుని గురక పెడుతున్నాడు. ఆవిడ వాణ్ణి దాటాలంటే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది. దాటారు. వాడు ఒక కన్ను తెరిచి మూశాడు.

"మందేమైనా పెట్టావా?" అన్నారావిడ.

"లేదమ్మా. ఇద్దరం కలిసి అలిసిపోయాం. నాలుగురోజులుగా గేటు దాటలేదు. పొద్దున నాతో దాటడం తప్ప."

ఆవిడ కుక్కని చూశారు, బావ కాళ్ళని చూశారు. "రేపట్నుంచి నువ్వు మానేస్తే?"

"మానేసిన రోజు మీరు చెప్పక్కర్లేదు. వాడే వీధంతా చాటుతాడు."

ఆవిడ కుచ్చిళ్ళు సర్దుకున్నారు. "నా పిల్లి కిందకి దిగినప్పుడు మాత్రం గొలుసు ఉండాలి. గేటుకి గడియా ఉండాలి. నేను తెల్లారే కిటికీ తీసి చూస్తాను, సైకిలు వెళ్ళిందో లేదో." అని మెట్లెక్కారు. అక్క సంచిలోంచి గిన్నె తీసి, దాని స్థానంలో పెట్టింది. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. డీజిలు నామీద రాసుకోమని ఫారం ఆయనతో అన్నాను, రాసుకుని ఉండడు, నాకు అంత పలుకుబడి ఉంది.

ఆ సాయంత్రం బావ తాళంచెవితో తీసే కొత్త గడియ బిగించాడు. పద్ధతి పద్ధతే కదా, ఏడుసార్లు తీసి వెయ్యాల్సిందే. అందుకని నేనొక కొసా, అక్క ఒక కొసా దుప్పటి పట్టుకుని గేటుకి అడ్డంగా నిలబడ్డాం. దుప్పటి వెనక బావ లెక్కపెడుతున్నాడు. దుప్పటి ముందు అల్లుడు తల ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంచుతూ, చెవులు నిక్కించి వింటున్నాడు.

"ఏవండీ," అంది అక్క, "కాస్త చప్పుడు చెయ్యకుండా తియ్యండి."