తమ్ముడు తెచ్చిన నాచు మేత

మా ఆయనకి నా తమ్ముడి మీద మొదటి నుంచీ పెద్ద నమ్మకం లేదు. నాకుండేది. వాణ్ని కాలేజీలో చేర్చడానికి అమలాపురం బస్సులో వెంట తీసుకెళ్లింది నేనే.

చేపల పెంపకం చదివి, రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో వాడు ఉద్యోగం తెచ్చుకున్నాడు. రాజోలు దగ్గర మాకో రొయ్యల చెరువుంది. ఒక పంటకి చెరువులో రొయ్యపిల్లని వదిలిన కొన్నాళ్లకి, ఓ సాయంత్రం కంపెనీ బండిలో కొత్త మేత బస్తాలు దింపించాడు. గుళికలు మామూలు వాటికన్నా కాస్త పచ్చగా ఉన్నాయి.

"ఇందులో చేపపొడి తగ్గించి సముద్రపు నాచు కలిపేరక్కా. రానురాను మంచి చేపపొడి దొరకడం కష్టమైపోతోంది. నాచు తింటే రొయ్యకి రోగాలు కూడా తగ్గుతాయి. మొదట మన చెరువులోనే వేద్దాం," అన్నాడు.

మన చెరువు అన్నాడు. ఆ మాటకే నేను కరిగిపోయాను.

"ముందు ఇంకెవరినైనా వాడనివ్వు," అన్నారు మా ఆయన.

"నా తమ్ముడు మనకి చెడు చేస్తాడా?" అని నేనే ఆయన నోరు మూయించాను.

కొన్ని వారాలకే తేడా తెలిసిపోయింది. మేత తింటున్నాయో లేదో చూసుకోవడానికి నీళ్లలో దించే ట్రే పైకి లాగితే, గుళికలు సగం అలాగే ఉండేవి. వల విసిరితే పడే రొయ్యలు చిన్నవిగా, పెంకు మెత్తగా ఉండేవి. మాతోపాటే పిల్ల వదిలిన పక్క చెరువులో రొయ్యలు చక్కగా ఎదిగాయి. తమ్ముడు వారం వారం వచ్చి తూకం వేసేవాడు. నా అరచేతిలో రొయ్యని పెట్టించి ఫోటోలు తీసేవాడు.

"అలవాటు పడ్డానికి టైం పడుతుందక్కా. కొంచెం ఓపిక పట్టు."

పాత మేతకి మారిపోదామని ఆయనంటే, వద్దని పోట్లాడాను. ఆ మేతే వేస్తూ వచ్చాం.

అప్పుడే అమలాపురంలో ఒక ఫంక్షన్ హాల్లో రైతుల మీటింగని మేత డీలరు పిలిచారు. తమ్ముడు ఆ సంగతే చెప్పలేదు. మేమిద్దరం వెళ్లేసరికి వేదిక మీద మాట్లాడుతున్నది వాడే. నాకు గర్వంగా అనిపించింది.

తెర మీద మంచి సైజు రొయ్యల్ని చూపించి, "ఈ చెరువులో నాచు కొద్దిగానే కలిపేమండీ. ఎదుగుదల ఏమీ తగ్గలేదు," అన్నాడు. వెనక కనిపిస్తున్న మోటారు షెడ్డు నాకు తెలుసు. అది వాడి మామగారి చెరువు.

తర్వాతి ఫోటోలో ఒక అరచెయ్యి, అందులో సన్నటి రొయ్య.

"నాచు బాగా ఎక్కువైతే ఎదగవని మాకు ముందే తెలుసండీ. ఎంత దెబ్బ తింటాయో చూడ్డానికని ఈ చెరువులో మోతాదు పెంచేం."

ఆ చెయ్యి నాది. బొటనవేలి పక్క నూనె పడి కాలిన మచ్చతో సహా తెర నిండా కనబడుతోంది.

భోజనాల దగ్గర వాణ్ని పట్టుకున్నాను. నన్ను చూసి వాడి ముఖం పాలిపోయింది. "ఇక్కడికి మిమ్మల్నెవరు పిలిచేరక్కా?" అన్నాడు.

"అవి ఎదగవని నీకు ముందే తెలుసా?"

"ఎవరో ఒకళ్ల చెరువులో వేసి చూడాలి కదక్కా. బయటివాళ్లయితే గొడవ చేస్తారు. మావయ్యగారికా చెప్పలేను. నువ్వైతే ఏమీ అనవని..."

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పద, బస్సుంది," అన్నారు. దారిలో గాని, ఆ తర్వాత గాని, "నేను ముందే చెప్పాను" అని ఆయన ఒక్కసారీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మర్నాడే మేత మార్చాం. రొయ్యలు కొంత తేరుకున్నాయి గాని, అమ్మకానికి పట్టే నాటికి చిన్నవిగానే ఉండిపోయాయి. కొద్దిపాటి నాచు కలిపిన మేత ఇప్పుడు మా వైపు చాలామంది వేస్తున్నారు. మేమూ వేస్తున్నాం. మేత మంచిదే.

ఈమధ్య తమ్ముడు ఇంటికొచ్చాడు. కాఫీ ఇచ్చాను.

"ఇంకా కోపం పోలేదా అక్కా?"

"కోపం కాదురా," అన్నాను. ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను.

వాడు చెరువు గట్టు మీద బావగారితో కాసేపు మాట్లాడి, బైకు తీశాడు. ఎప్పుడూ గేటు దాకా వెళ్లి పంపేదాన్ని. ఆ రోజు వెళ్లబుద్ధి కాలేదు.