మోకాలు ఆరేదాకా

మా మరిదిని వీధంతా నిచ్చెన అంటుంది. మనిషి పొడుగు, పైగా ఇళ్ళకు రంగులు వేసే పని కాబట్టి పొద్దస్తమానం నిచ్చెన మీదే కాపురం. నేను కోడలిగా వచ్చేనాటికి అతనికి ముక్కు తుడుచుకోవడం రాదు గానీ గోడకు సున్నం కొట్టడం వచ్చు. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళ గ్లాసు అందుకోకముందే తలెత్తి కప్పు చూస్తాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడూ అంతే. "అమ్మాయి ఎలా ఉందిరా?" అని మా ఆయన అడిగితే, "పుట్టీ సరిగా పట్టలేదన్నయ్యా, మూలల్లో పెచ్చులు లేస్తున్నాయి" అన్నాడు. ఆ గోడ తాలూకు పిల్లే మా తోడికోడలు.

రంగు వేసిన చోట ఆరేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అతనికి తెలిసిన ధర్మం అదొక్కటే. బోర్డు పెడితే జనం చదివి మరీ ముట్టుకుంటారట. అందుకని ఎదురుగా కుర్చీ వేసుకుని తనే కాపలా కూర్చుంటాడు. మా వంటింటి తలుపుకు రంగు వేసినప్పుడు మా ఆయన ఎవరికీ కనబడదులెమ్మని అడుగున, గడప దగ్గర, వేలు పెట్టి చూశారు. ఆ ముద్ర అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ మరిది వంగి చూపించేవాడు. "ఇదుగో, మా అన్నయ్య సంతకం."

అలా వంగి వంగి, ఎక్కి దిగి, చివరికి కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేసి కొత్తది పెట్టారు. ఇంటికి తీసుకొస్తే కాలు బారజాపుకుని, రాజుగారిలా మంచమెక్కి కూర్చున్నాడు. వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా ఉంటుంది గానీ ఆ చేతుల్లో పట్టు చూడాలి.

"తాతగారూ, కాలు కాస్త మడవండి."

"ముందు ఆ తాతగారు అనడం మానెయ్యమ్మా. మడవడం ఆరాక చూద్దాం."

"ఏది ఆరాక?"

"మోకాలు. లోపల సిమెంటు వేసి అతికించామని డాక్టరుగారే అన్నారు. సిమెంటు పచ్చిగా ఉండగా ఎవరైనా కదుపుతారా?"

"అది మీరు ఆపరేషన్ బల్ల మీద ఉండగానే గట్టిపడిందండీ!"

"పైకి అలాగే అనిపిస్తుంది. లోపల పచ్చిగా ఉంటుంది. ఎన్ని గోడలు చూశాను నేను!"

ఆ పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక మా మొహాలు చూసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర మెల్లగా చెప్పింది. "ఇప్పుడు మడవకపోతే బిగుసుకుపోతుందండీ. తర్వాత ఎంత మొత్తుకున్నా వంగదు. కూర్చున్నా కాలు కర్రలా ముందుకే ఉంటుంది."

తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అక్కా, నిచ్చెన ఎక్కకపోతే మానె. బస్సులో సీటు మీద కూర్చోవాలి కదా మనిషి!"

నేను వెళ్ళి అడగాల్సిన నాలుగూ అడిగాను. చెవిటివాడి ముందు శంఖం. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మా మరిది మొక్కగా ఉన్నప్పుడూ వంగిన పాపాన పోలేదు. ఎవరైనా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు. ఇతని కుందేటికి ఒక్కటే కాలు, అదీ చాపిందే.

అయితే ఒకరోజు నేను టీ పట్టుకుని లోపలికి వెళ్తుంటే చూశాను. ఎవరూ లేరనుకుని కాలు కొంచెం ముడవబోయాడు. నొప్పికి మొహం పాలిపోయింది. వెంటనే చాపేసి దుప్పటి కప్పేశాడు. అప్పుడర్థమైంది నాకు. నాలుగంతస్తుల ఎత్తున తాడు కట్టుకుని వేలాడినవాడికి నొప్పికి భయమేస్తోందని చెప్పుకోవడం నామోషీ. పాపం, ఆ నెపమంతా సిమెంటు మీద పెట్టాడు. నేను చూడనట్టే టీ ఇచ్చి వచ్చేశాను.

మర్నాడు మరిది అల్లుడొచ్చాడు. మామగారు సగంలో వదిలేసిన పని ఒకటి పూర్తి చేస్తానని, ఆయన వెడల్పాటి బ్రష్షు అంతకుముందే పట్టుకెళ్ళాడు ఆ అబ్బాయి. అది మా మరిదికి ప్రాణం. సంచిలోంచి తీసి చేతికిచ్చాడు. మరిది బొటనవేలితో వెంట్రుకలు వంచబోయాడు. వంగితేనా! చెక్కముక్కలా టకటకమంది.

"ఏమయ్యా, కడగలేదా?"

"పని హడావిడిలో అలా పక్కన పెట్టేశాను మావయ్యా."

"పక్కన పెట్టేశావా! అలా కదపకుండా వదిలేస్తే బిగుసుకుపోదూ? ఎప్పటికప్పుడు వేళ్ళతో నలుపుతూ ఉండాలని పసిపిల్లాడికి కూడా తెలుసే! ఇంక ఇది వంగుతుందా?"

ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. అల్లుడు కుక్కిన పేను. నేను మరిది చేతిలోంచి బ్రష్షు తీసుకుని, చాపిన ఆ కాలి పక్కన, దుప్పటి మీద పెట్టాను.

"తిట్టకయ్యా, పాపం. ఆరనిద్దామనుకున్నాడేమో."

అంతే. మరిది బ్రష్షు వైపు చూశాడు, కాలి వైపు చూశాడు. తర్వాత పెళ్ళాన్ని పిలిచి, "ఒక డబ్బాలో టర్పెంటాయిల్ పోసి తీసుకురా" అన్నాడు. బ్రష్షు అందులో ముంచి మంచం పక్కన పెట్టుకున్నాడు. వ్యాయామం అమ్మాయి రాగానే దుప్పటి తనే తీశాడు.

"కానీ అమ్మా. అరిస్తే మాత్రం పట్టించుకోకు."

ఆ అరుపులు వీధి చివరికి వినిపించేవి. మొదటిసారి మడిస్తే ప్రైమరు అనేవాడు, ఆ తర్వాత మొదటి కోటు, రెండో కోటు. "ఇంకొక్క కోటు మేస్త్రీ" అని ఆ పిల్లా నేర్చేసింది. తాతగారు పోయి మేస్త్రీ అయ్యాక ఇతను కూడా దారికొచ్చాడు. ఆమె వెళ్ళాక బ్రష్షు తీసి వెంట్రుకలు దువ్వుతూ, కాలు మడుస్తూ కూర్చునేవాడు. బ్రష్షు పూర్తిగా బాగుపడలేదు. అంచులు కాస్త మొండికేశాయి. మోకాలే నయం.

మొన్న చేతికర్ర పట్టుకుని మా ఇంటికొచ్చాడు. రెండో చేతిలో చిన్న డబ్బా, అందులో ఆ బ్రష్షు.

"వదినా, స్టూలొకటి ఇయ్యి."

"నిచ్చెన అడగలేదు, సంతోషం."

వంటింటి తలుపు ముందు స్టూలు వేసుకుని, కుడికాలు మెల్లగా మడిచి కూర్చున్నాడు. పడతాడేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను. కాలు మాత్రం చెప్పిన మాట విన్నది. ముందుకు వంగి, అడుగున ఉన్న అన్నయ్య సంతకం మీద నున్నగా రంగు లాగేశాడు.

"అన్నయ్యా, ఆరేదాకా ముట్టుకోకు."

మా ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా జరిగారు. మరిది అయినా నమ్మలేదు. స్టూలు కాస్త వెనక్కి లాక్కుని, తలుపుకు కాపలాగా, మోకాలు చాపుతూ మడుస్తూ, మడుస్తూ చాపుతూ కూర్చున్నాడు.