పచ్చికలో పాతిపెట్టిన గోనెసంచి

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పోలీస్ యాక్షన్ అయిన కొద్ది వారాలకు, మా ఇబ్రహీంపట్నంలో ఎవరూ ఎవరినీ నమ్మే పరిస్థితి లేదు. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. పోయినవాళ్ళు నిజంగానే పోయారా, వేషం మార్చుకొని ఎక్కడైనా తలదాచుకున్నారా అని ఊరంతా ఒకటే గుసగుసలు. సంతలో కొత్త ముఖం కనబడితే ఆడవాళ్ళు బేరం ఆపేసి పక్కకు జరిగేవాళ్ళు. పిల్లలం మేమూ ఆ చూపులే నేర్చుకున్నాం. మా ఆటలో ఒకరు దాక్కున్న రజాకారు, మిగిలినవాళ్ళం వెతికి పట్టుకునే జవాన్లం.

మా బాపు ఊరి చివర ఒక బంగళాలో తోటమాలి. ఆ బంగళా హైదరాబాదులో కొలువు చేసి దిగిపోయిన ఒక అధికారిది. నెలలో సగం రోజులు ఆయన పట్నంలోనే ఉండేవాడు. ఇంటి ముందు పచ్చిక పెంచడమంటే ఆయనకు పిచ్చి. పశువులు కూడా మేయని గడ్డికి ఇన్ని నీళ్ళా అని మా నాయనమ్మ సణుగుతూ ఉండేది. బిందెలతో మోసేది ఆమే, మా అమ్మే కాబట్టి ఆ సణుగుడు న్యాయమే. చివరికి ఆయన నేలలో గొట్టాలు వేయించి, నీళ్ళు వానలా వాటంతటవే పడేలా చేయించాలనుకున్నాడు. అందుకోసం పట్నం నుంచి ఒక నల్లాల మిస్త్రీని పంపించాడు.

మిస్త్రీకి యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, ముస్లిం. మేం చాచా అని పిలిచేవాళ్ళం. బంగళా వెనక పెంకుల కొట్టంలో వండుకొని, అక్కడే పడుకునేవాడు. అవసరానికి మించి మాట్లాడడు. అదే మాకు అనుమానం. రోజంతా తాడుతో పచ్చికను కొలిచేవాడు, మేకులు పాతేవాడు, ఒక చిన్న పుస్తకంలో గుండ్రాలు గీసుకునేవాడు. అవి ఒక్కో గొట్టం మూతి నుంచి నీళ్ళు ఎంత దూరం పడతాయో గుర్తులని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పక్కింటి అక్క, అవి రజాకార్లు మళ్ళీ మీద పడడానికి గీసిన మన ఇండ్ల గుర్తులని చెప్పింది. నేను నమ్మాను. నమ్మడం బాగుంది కూడా, నిజం చెప్పాలంటే. మా ఆట ఒక్కసారిగా నిజమైపోయింది.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, నేను జామచెట్టు చాటున ఉన్నాను. చాచా కొట్టంలోంచి పొడుగాటి గోనెసంచి మోసుకొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ప్రహరీ పక్కన గడ్డిపెళ్ళ లేపి, గుంట తవ్వి, సంచిని లోపల పెట్టాడు. ఇనుము చప్పుడైంది. మట్టి కప్పి, గడ్డిపెళ్ళను మళ్ళీ పరిచి, పాదంతో మెల్లగా అదిమాడు.

నేను పరుగెత్తి పక్కింటి అక్కతో చెప్పాను. ఇనుమున్న పొడుగు సంచి అనే చెప్పాను. అక్క నన్ను చేయి పట్టుకొని బావి దగ్గరికి తీసుకుపోయింది. అక్కడెవరో "తుపాకులేనా?" అని అడిగారు. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. అంతమంది పెద్దవాళ్ళు నా మాట కోసం ఎదురుచూడడం నాకు అదే మొదటిసారి. "అవ్, తుపాకులే" అన్నాను.

గంట తిరక్కుండా ఆరుగురు మగవాళ్ళు కర్రలతో బంగళాలోకి వచ్చారు. ముందున్నది మాకు పెదనాయన వరసయ్యే మనిషి. ఆయన పెద్దకొడుకును ఆ ఎండాకాలంలోనే రజాకార్లు పట్టుకుపోయారు, శవం కూడా దొరకలేదు. అందుకే ఆయన ముందుంటే అడ్డుపడే ధైర్యం ఎవరికీ లేదు. యజమాని పట్నంలో ఉన్నాడు. మా బాపు ఎరువు కోసం బండి కట్టుకొని రావిర్యాల పోయాడు. పెదనాయన చాచా గల్లా పట్టుకున్నాడు. ఇంకొకడు మిలిటరీ వాళ్ళను పిలుచుకొస్తానని బయలుదేరబోయాడు. చాచా ఏదో చెప్పబోతే ఎవరూ విననేలేదు.

గడ్డి కోస్తున్న మా నాయనమ్మ కొడవలి చేతిలో ఉండగానే వచ్చి నిలబడింది. అరవలేదు. ఆ పోయేవాణ్ణి ఆగమని, నన్ను ముందుకు పిలిచింది.

"తుపాకి చూసినవా?"

"సంచి చూసిన."

"సంచి విప్పంగ చూసినవా?"

"లే."

"మరి తుపాకులని ఎవరు చెప్పిన్రు?"

అక్క వైపు చూశాను. అక్క తల తిప్పుకుంది. "వాళ్ళు అడిగితే అవ్ అన్న," అన్నాను. నాకే సరిగా వినబడలేదు.

నాయనమ్మ పెదనాయన వైపు తిరిగింది. "నీ కడుపుకోత నాకెరుకే. పోరి చూపిచ్చే తావుల తవ్వు. తుపాకులుంటె మిలిటరోళ్ళ తానికి నేనే పోత. లేకుంటె గల్లా ఇడువు."

తవ్వారు. సంచిలో నాలుగు ఇనుప గొట్టాలు, ఆరు ఇత్తడి మూతులు ఉన్నాయి. మూతులకు సన్నటి రంధ్రాలు. తుప్పు పట్టకుండా అన్నిటికీ నూనె గుడ్డలు చుట్టి ఉన్నాయి. పెదనాయన ఒక గొట్టం ఎత్తి, కన్ను ఆనించి, అవతలి చివర ఆకాశం కనబడేదాకా చూశాడు.

"మరెందుకు దాస్తివి?" అన్నాడు.

"వచ్చేటప్పుడు తొవ్వల జవాన్లు బండి ఆపిన్రు," అన్నాడు చాచా. "గీ గొట్టాలే చూసి బందూకులన్నరు. పొద్దుగూకేదాంక ఎండల మోకాళ్ళ మీద కూసోబెట్టిన్రు. మళ్ళ ఎవలన్న చూస్తె గట్లనే అనుకుంటరని పాతిపెట్టిన."

గుంపులో ఒకడికి ఇంకా నమ్మకం కుదరలేదు. ఆ గొట్టాలతో నీళ్ళు పారించి చూపమన్నాడు. చాచా గొట్టాలను ఎత్తు మీద కట్టిన నీళ్ళ తొట్టికి కలిపి, మూతులు బిగించి, తొట్టి కింది చక్రం తిప్పాడు. ముందు బురద ఉమ్మినట్టు వచ్చింది. తరవాత పచ్చిక మీద సన్నటి వాన మొదలైంది. ఒక మూతి నుంచి చుక్క రాలేదు. చాచా దాన్ని విప్పి, సూదితో ఇసుక రేణువు తీసి, మళ్ళీ బిగించాడు. అంతసేపూ పెదనాయన ఆ నీళ్ళలోనే నిలబడి తడిశాడు. అంగీ ఒంటికి అతుక్కుపోయాక కర్ర అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయాడు. క్షమించమని ఎవరూ అనలేదు.

నాయనమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండునని ఆ సాయంత్రం అనుకున్నాను. ఆమె నన్ను కొట్టం దగ్గరికి తీసుకుపోయి, "తుపాకులని అన్నది ఎవరో నీ నోటితోనే చెప్పు" అంది. నేనే అన్నానని చెప్పాను. చాచా చేతులు తుడుచుకున్నాడు. "వచ్చి చెప్పినవ్ గద, చాలు బేటీ" అన్నాడు. ఇంటికి వస్తుంటే నాయనమ్మ ఒక్క మాటే అంది. "సంచి అని చెప్పినంక నోరు మూసుకోవాలె. అవుతల మాట నీది గాదు."

పని ముగిశాక మా బాపు చాచాను బండిలో పట్నం దాకా దిగబెట్టి వచ్చాడు. తరవాత ఏటా ఎండాకాలానికి ముందు చాచా వచ్చేవాడు. పగిలిన గొట్టాలు మార్చేవాడు, చింతపండు నీళ్ళలో మూతులు నానబెట్టి నాతో కడిగించేవాడు. నాతో నవ్వుతూనే మాట్లాడేవాడు. ఆయన నన్ను క్షమించాడనే అనుకున్నాను. బహుశా క్షమించాడు కూడా.

అయితే ఒకటి ఉంది. గుంట తవ్వి గొట్టం పరిచాక, మట్టి కప్పే ముందు ఆయన ప్రతిసారీ నన్ను పిలిచేవాడు. ఒంగి గుంటలోకి చూసేదాకా ఆగేవాడు. "చూసుకో బేటీ, గొట్టమే" అనేవాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు ఇంత బరువనిపించేది కాదు. తెల్లబడుతున్న గడ్డంతో, మట్టి చేతులతో, ఒక పెద్దమనిషి నావంటి చిన్నపిల్ల ముందు నిలబడి తన పని తనిఖీ చేయించుకునేవాడు. నేను పెరిగి, పెళ్ళయి అత్తగారింటికి పోయే ఏడు కూడా అట్లాగే పిలిచాడు. నేను చూడనన్నాను. "చూడు," అన్నాడు. చూశాకే మట్టి కప్పాడు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఎవరి మీదనైనా ఎవరైనా ఏదైనా చెబుతుంటే, అవునని తలూపబోయి ఆగిపోతాను. ఆ ఒక్క తలూపుతో ఏ మనిషి ఎన్నేళ్ళు ఎవరి ముందు తన గుంటలు తెరిచి చూపించుకోవాలో నాకు తెలుసు.