మా అమ్మ స్టీలు క్యారియర్

మా వీధి చివర చేపల బజారు ఎత్తేసేటప్పటికి నేను ఏడో తరగతిలో ఉన్నాను. రేకుల పందిళ్లన్నీ పీకేసి, చేపలు అమ్మేవాళ్లను కాలవ అవతలికి పంపారు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ అద్దాల తలుపుల చీరల కొట్లు, ఒక ఐస్‌క్రీం పార్లర్, వాటిమీద మేడలు లేచాయి. సాయంత్రమైతే బెల్‌బాటం ప్యాంట్లవాళ్లు పనేమీ లేకపోయినా ఆ వీధిలో అటూ ఇటూ తిరిగేవారు. నేనూ తిరిగేదాన్ని.

మా అమ్మ చేపలు అమ్మింది ఆ బజారులోనే. కాలవ అవతలికి పాతవాళ్లెవరూ కొనడానికి రాలేదు. "వాళ్లు రాకపోతే మనమే వెళ్దాం" అని, ఒక ఆదివారం పొద్దున గంప నెత్తికెత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మొదటి మేడ మెట్ల దగ్గరే వాచ్‌మన్ ఆపాడు.

"గంప పైకి రాకూడదమ్మా. వాసనొస్తుందని ఓనరుగారు గట్టిగా చెప్పారు."

"ఈ మెట్లున్న చోటే పదేళ్లు కూర్చున్నాను బాబూ."

"నిజమేనండీ. మీ దగ్గర నేనూ కొన్నాను. కానీ నా ఉద్యోగం పోద్ది."

అమ్మ గంపతోనే వెనక్కి తిరిగింది. పై బాల్కనీలోంచి మా క్లాసు పిల్ల చూస్తుంటే, నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మరుసటి ఆదివారం అమ్మ కొరమీనులు ఇంట్లోనే శుభ్రం చేసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రాసి నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌లో సర్దింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, నన్ను మళ్లీ వెంటబెట్టుకుని వెళ్లింది. వాచ్‌మన్ క్యారియర్ వంక చూసి నవ్వాపుకున్నాడు.

"భోజనమాండీ? వెళ్లండి," అని పక్కకు తప్పుకున్నాడు.

తలుపు తీసింది ఆ మా క్లాసు పిల్ల వాళ్లమ్మ. మూత తీసి చూసి, "కోసే పని కూడా తప్పించారే," అని మురిసిపోయింది. "పులుసు పెట్టడం నాకు సరిగ్గా రాదండీ. కాస్త చూపిస్తారా?"

అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి నడిచింది. "మీ అమ్మకు అసలు భయమే లేదే," అంది ఆ పిల్ల నాతో. పోయిన వారం నేను సిగ్గుపడ్డ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు.

ఎండాకాలానికల్లా చాలా ఇళ్లవాళ్లు తమ క్యారియర్లు తామే మా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. వాటిలో ఓనరుగారిదే అన్నిటికంటే పెద్దది.

కొత్త వీధి అమ్మకు నచ్చింది. కాళ్లకింద బురద లేదని, ఫ్యాను కింద కూర్చోబెట్టి కాఫీ ఇస్తున్నారని చెప్పేది. వాన పడ్డ రోజు మాత్రం, బజారులో తన పక్కన కూర్చునే ముసలావిడను తలుచుకుని, ఈ వానలో ఎక్కడ కూర్చుందో అనేది. తర్వాత, వచ్చే వారానికి రొయ్యలు కావాలని ఎవరెవరు చెప్పారో నన్ను అడిగేది.